నాలుగు గంటల జోడీ

మా ఆయన రిటైరైన మూడో నెలలో చేపల తొట్టి ఇంటికి తెచ్చాడు. ఆయన, ఆటో అతను కలిసి దాన్ని దించుతుంటే నేను వాకిట్లో చాట పట్టుకుని నిలబడి చూశాను. రెండడుగుల పొడవు గాజు తొట్టి. ఎక్కడ పెడతారని అడిగితే టీవీ పక్కన అన్నాడు. టీవీ పక్కన నా కుట్టుమిషను ఉండేది. అది ఇప్పుడు వంటింట్లో ఉంది. ఆ సంగతి నేనింకా మరిచిపోలేదు.

మేముండేది చింతామణిలో. నేను ముప్పై ఏళ్ళు పట్టు గుడ్ల కేంద్రంలో పనిచేశాను. పట్టుపురుగులు పెంచే రైతులకు గుడ్లు తయారుచేసి ఇచ్చే చోటు అది. గూడు చీల్చుకుని వచ్చే రెక్కల పురుగును మా వైపు కన్నడం మాటతో చిట్టె అంటారు. చిట్టెలు తెల్లవారేసరికి బయటికొస్తాయి కాబట్టి మేమూ ఆరింటికల్లా అక్కడుండాలి. మగదాన్నీ ఆడదాన్నీ ఏరి తట్టలో జోడీ కట్టాలి. సరిగ్గా నాలుగు గంటలు. తర్వాత విడదీయాలి. విడదీసేటప్పుడు లాగకూడదు, కొంచెం పక్కకు తిప్పి వదిలించాలి, లేకపోతే ఆడదానికి దెబ్బ తగులుతుంది. మగదాన్ని చల్లటి గదిలోకి పంపేసి, ఆడదాన్ని కాగితం మీద పెట్టి చీకటి చేస్తే గుడ్లు పెడుతుంది. మరునాడు ఆ తల్లిని నూరి, అద్దం మీద పూసి, రోగముందేమోనని మైక్రోస్కోపులో చూస్తారు. రోగం లేదంటేనే గుడ్లు రైతుకు పోతాయి. నా చేయి మంచిదని కేంద్రంలో పేరుండేది. నేను విడదీసిన ఆడది ఒక్కటి కూడా చెడిపోలేదని మా మేడమ్ కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించేది.

ఆయన బస్సు కండక్టరు. చింతామణి నుంచి తిరుపతికి రాత్రి బండి. ఆయన ఇల్లు చేరేసరికి నేను పనిలో ఉండేదాన్ని, నేను సాయంత్రం నాలుగింటికి వచ్చేసరికి ఆయన నిద్ర లేచేవాడు, ఎనిమిదింటికి మళ్ళీ డిపోకు. పెళ్ళయిన కొత్తలో నా పని ఎలా ఉంటుందో చెబితే వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మనకీ నాలుగు గంటలే గదా, విడదీసేవాళ్ళు మాత్రం ఇద్దరు, మీ ఆఫీసు, మా డిపో అని నవ్వాడు. ఆ తర్వాత ఎనిమిదవుతూంటే ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. అంతే, అలా ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి.

ఇద్దరం రిటైరయ్యాక ఒకే ఇంట్లో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఉండాల్సి వచ్చింది. నిజం చెబుతున్నాను, మొదట్లో భరించలేకపోయాను. ఆయన బస్సులో లాగే ఇంట్లో అటూ ఇటూ తిరుగుతాడు. కూరలో ఉప్పు వేస్తుంటే వెనక నిలబడతాడు. అందుకే తొట్టి వచ్చినందుకు బయటికి సణిగినా, లోపల కొంచెం సంతోషించాను. పోనీ, ఒకచోట కూర్చుంటాడు.

బస్టాండు వెనక సందులో చేపల అంగడి ఉంది. పక్షుల గింజలు, కుక్కల గొలుసులు కూడా అక్కడే దొరుకుతాయి. అంగడతను నలభై దాటిన మనిషి, ఏది అడిగినా ముందు వద్దంటాడు. ఎర్రచేపలు వద్దు, చిన్న తొట్టిలో బతకవు అన్నాడు. సిక్లిడ్ అనే జాతిలో పొట్టి రకం ఒకటుందని, దాన్ని క్రిబ్ అంటారని, అవి జోడీ కడితే పిల్లల్ని సాకడం చూడొచ్చని చెప్పాడు. మా ఆయన కళ్ళు అక్కడే ఆగిపోయాయి. వేలెడు కూడా లేని చేపలు, గోధుమరంగు ఒళ్ళు, పొడుగునా ఒక నల్ల చార. వాన కాలువలో పట్టే పరక చేపల్లా ఉన్నాయని నాకనిపించింది. పెద్దయితే రంగొస్తుందన్నాడు అంగడతను.

ఒక మగది, ఒక ఆడది ఇమ్మన్నాను, నేనే ఏరుకుంటానన్నాను. అతను ఒప్పుకోలేదు. అయిదు పిల్లలు తీసుకోండి, వాటిల్లో అవే కుదుర్చుకుంటాయి, మిగిలినవి తెచ్చిచ్చేయండి అన్నాడు.

"జోడీ మనం కట్టేది కాదమ్మా. వాటంతట వాటికి కుదరాల."

నాకు నవ్వొచ్చింది. నా చేతిమీదుగా ఎన్ని జోడీలు పోయాయో ఇతనికేం తెలుసు అనుకున్నాను. అయినా అయిదూ తెచ్చుకున్నాం.

మా బోరు నీళ్ళలో పప్పు ఉడకదు. ఆ నీళ్ళే పోస్తే గాజుకు తెల్లటి పొర కడుతుంది. అందుకని సగం బోరు నీళ్ళు, సగం వీధి చివరి ఫిల్టరు ప్లాంటు నుంచి క్యాన్లో తెచ్చిన నీళ్ళు కలిపేవాడు మా ఆయన. కింద సన్నటి ఇసుక, ఒక మూల రెండు రాళ్ళు, మధ్యలో అంచు విరిగిన మట్టి ముంత బోర్లించి పెట్టాడు. నాలుగు నెలలకు అవి ఎదిగాయి. వాటిలో మూడు మగవని, రెండు ఆడవని తేలింది. మగవాటిలో ఒకటి బాగా బలిసి చురుగ్గా తిరిగేది. గుడ్ల కేంద్రం లెక్కన అదే సరైన మగది. ఆడవాటిలో లావుదానికి ఇదే మొగుడు అని నేను తీర్పు చెప్పేశాను.

ఆ లావు ఆడది నా తీర్పు వినలేదు. తోకలో చిన్న చీలిక ఉన్న ఒక బక్క మగవాడి దగ్గరికే పోయేది. దాని పొట్ట నేరేడు పండు రంగు తిరిగింది. ఆ రంగు చూపిస్తూ, ఒళ్ళు విల్లులా వంచి, వాడి ముందు వణుకుతూ నిలబడేది. ఈ జాతిలో ఆడదే ముందు అడుగుతుందట. సిగ్గులేని ముండ అని నేను తిడితే, మా ఆయన నవ్వి, మనిషికయితే తొమ్మిది మంది మధ్యవర్తులు కావాలి, ఇది నేరుగా అడిగేసింది, మంచిదే కదా అన్నాడు. మిగతా మూడింటినీ తిరిగి అంగడికి ఇచ్చేశాం. బలిసిన నా మగవాడు కూడా పోయాడు.

ఆ రెండూ ముంతలోంచి ఇసుకను నోటితో మోసి బయట పోశాయి. అలా రెండు రోజులు ఇల్లు సర్దుకున్నాయి. మా ఆయన కుర్చీ అక్కడే వేసుకుని, కాఫీ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. ఒక ఉదయం టార్చి వేసి చూసి నన్ను పిలిచాడు. ముంత లోపల పైభాగానికి అంటుకుని గుడ్లు, పసుపుకూ గోధుమరంగుకూ మధ్యగా, వేలాడుతున్నాయి. టికెట్లు లెక్కపెట్టినట్టు ఆయన వేలితో చూపిస్తూ గుడ్లు లెక్కపెట్టాడు. పిల్లలు వస్తారంటావా అని నన్నడిగాడు. నాకు తెలిసిన విద్య కదా, ఎందుకు రావు అన్నాను.

ఆరోజే గుడిబండెలో మా వాళ్ళ గృహప్రవేశం. ఇద్దరిలో ఒకరన్నా పోవాలి. ఆయన చొక్కా వేసుకుంటూ రెండుసార్లు వెనక్కొచ్చి, తొట్టిలో చేయి పెట్టొద్దు, మేత చిటికెడు వెయ్యి చాలు అని చెప్పి బస్సెక్కాడు.

పదింటిదాకా నేను బాగానే ఉన్నాను. పదింటికి, కేంద్రంలో జోడీలు విడదీసే వేళకు, నా కన్ను గడియారం మీద పడింది. ముప్పై ఏళ్ళ అలవాటు అంత సులభంగా పోతుందా? ఆ బక్క మగవాడు ముంత ముందు ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాడు. జోడీ అయిపోయింది, గుడ్లు అయిపోయాయి, ఇంకా వీడికిక్కడేం పని అనిపించింది. తల్లిని సతాయిస్తాడు, గుడ్లు తింటాడేమో కూడా అనుకున్నాను. టీ జల్లెడతో పట్టి, తొట్టి నీళ్ళే పోసిన బకెట్లో వేశాను. తల్లికి చీకటి ఉండాలి కదా, పాత నల్ల గొడుగు గుడ్డ తొట్టి మీద కప్పాను. చేయి కడుక్కుని, పని సరిగ్గా చేశానని తృప్తిగా భోంచేశాను.

మధ్యాహ్నం గుడ్డ ఎత్తి చూస్తే ఆడది ముంతలో లేదు. గాజు వెంబడి పైకీ కిందికీ కొట్టుకుంటోంది. ముంతలోకి పోతుంది, వెంటనే బయటికొస్తుంది. నేరేడు రంగు పోయి ఒళ్ళంతా పాలిపోయింది. అలసిపోయిందిలే అని మళ్ళీ కప్పేశాను. మరునాడు పొద్దున టార్చి వేస్తే ముంతలో ఒక్క గుడ్డు లేదు. తల్లే తినేసింది.

ఆయన పదకొండింటికి గృహప్రవేశంలో ఇచ్చిన ఒబ్బట్ల పొట్లంతో వచ్చాడు. ముందు బకెట్టే చూశాడు. తర్వాత తొట్టి చూశాడు. పొట్లం టీవీ మీద పెట్టి, మగవాణ్ణి రెండు చేతుల్లో పట్టి తొట్టిలో వదిలాడు. ఆడది వాడిని చూడగానే బాణంలా వచ్చి పొడిచింది. వాడు రాళ్ళ వెనక్కు పోతే అక్కడికీ పోయి పొడిచింది. చీలిక తోక ఇంకా చీలింది. తనను వదిలి పోయాడని దానికి కోపం. ఎవరు తీసుకుపోయారో దానికెలా తెలుస్తుంది?

"నీ చేయి ఊరికే ఉండదు గదా," అన్నాడు ఆయన. "ముప్పై ఏండ్లు విడదీసింది చాల్లేదా?"

అరిచి చెప్పి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లగా అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేశాడు. మగవాణ్ణి మళ్ళీ బకెట్లోకి తీసి, దానికొక గాలి గొట్టం పెట్టి, బకెట్టు పక్కనే కూర్చున్నాడు. ఆ జోడీ మళ్ళీ కలవకపోతే రెంటిలో ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయాలి, లేకుంటే అది చచ్చిపోతుంది. ఆ మనిషి ఈ ముప్పై ఏళ్ళలో తనకని కోరుకున్నది ఒక్కటే, ఈ పిల్లల్ని చూడడం. దాన్ని నేను చేతులారా చెడగొట్టాను. ఏడుపొచ్చింది. ఏడవకుండా ఆరోజు వడలకని పప్పు రుబ్బుతూ కూర్చున్నాను. ఆ వడలు ఎవరమూ సరిగ్గా తినలేదు.

మూడోరోజు ఆయనకు చెప్పకుండా అంగడికి పోయాను. తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాని పని. అయినా జల్లెడ నుంచి గొడుగు గుడ్డ దాకా మొత్తం చెప్పాను. అతను నవ్వలేదు, అందుకు ఇప్పటికీ అతని మీద గౌరవం.

"ఈ జాతిలో ఆడది ఇంట్లో కాపలా, మొగది వాకిట్లో కాపలా. ఆయప్పను తీసేస్తే వాకిలి ఎవరు చూడాల? ఒక్కదానితో కాదని దానికి తెలుసు, అందుకే తినేసె. ఇంగ తొట్టి మధ్యలో వల కట్టమ్మా. ఒకరినొకరు చూస్తా ఉండాల, అందకూడదు."

ఎన్ని రోజులని అడిగాను. అవే చెబుతాయన్నాడు.

వల అనగానే నాకు దిబ్బూరహళ్ళిలో ఉన్న చెల్లెలు గుర్తొచ్చింది. వాళ్ళు పట్టుపురుగులు పెంచుతారు. పురుగుల మీద ప్లాస్టిక్ వల పరిచి పైన కొత్త ఆకు వేస్తే, పురుగులన్నీ కన్నాల్లోంచి ఆకుమీదికి ఎక్కుతాయి. అప్పుడు వల ఎత్తి కింది చెత్త తీసేస్తారు. సన్నటి కన్నాలు, నీళ్ళకు చెడదు. నేను పోయేసరికి వాళ్ళ పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. అంటే ఆకు మాని, తల ఎత్తుకుని, పొర విడిచే ముందు కదలకుండా ఉండే రోజులు. అప్పుడు బయటివాళ్ళెవరూ షెడ్డులోకి పోరు. వాకిట్లోనే నిలబడి వల అడిగాను. మందు తగిలిన వల వద్దు, షెడ్డులోకి పోని కొత్తది ఇమ్మన్నాను. పురుగుల ఇంట్లో చల్లే మందులు ఎలాంటివో నాకు తెలుసు, చేప ఒక్క పూట బతకదు.

చెల్లెలు వల కత్తిరించి ఇస్తూ, రిటైరైనా నీకు జోడీలు కట్టే పని తప్పలేదే అక్కా అంది. ఈసారి కట్టడానికి కాదు, ఊరికే ఉండడానికి అన్నాను. దానికి అర్థం కాలేదు. నాకే అప్పటికి సగం అర్థమైంది.

ఇంటికొచ్చి వలను వేడినీళ్ళలో ఉడికించి, ఆరేసి, తొట్టి కొలతకు కత్తిరించడం మొదలుపెట్టాను. అడ్డదిడ్డంగా వస్తోంది. ఆయన బకెట్టు దగ్గరి నుంచి కాసేపు చూసి, లేచొచ్చి, నా చేతిలోంచి కత్తెర లాక్కున్నాడు. సన్నటి ప్లాస్టిక్ గొట్టాలతో చట్రం చేసి, దానికి వలను దారంతో కుట్టి, తొట్టి మధ్యలో నిలబెట్టాడు. నేను పెట్టిన కాఫీ మాత్రం తాగాడు.

వలకు ఒక పక్క ఆమె, ముంత. ఇంకో పక్క వాడు. మొదటి నాలుగు రోజులు ఆమె వలను పొడుస్తూనే ఉంది. నేను తొట్టి దగ్గరికి పోతే రెండు చేతులూ కొంగు కింద పెట్టుకునేదాన్ని. జల్లెడను అటక మీద పడేసి టీని గుడ్డతో వడపోసుకున్నాను. అయిదోరోజు ఆమె వల దగ్గరికొచ్చి, పొడవకుండా కాసేపు నిలబడి పోయింది. మా ఆయన వంటింటి వైపు తిరిగి, ఇట్ల వచ్చి చూడు అన్నాడు. అది చేపకోసం అన్న మాటే అయినా, నాతో అన్న మాట కదా. ఒబ్బట్ల పొట్లం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బూజు పట్టి ఉంది, పారేశాను.

ఆ తర్వాత ఇద్దరికీ రెండు కుర్చీలయ్యాయి. కూర్చుని చూడడం తప్ప పని లేదు. అలా కూర్చుని ఆయన తిరుపతి రూటులో ఘాటు దిగేటప్పుడు కనిపించే లైట్ల గురించి చెప్పాడు. ఒకసారి టికెట్ల సంచీ మరిచిపోయి డ్రైవరుతో బండి తిప్పించిన సంగతి చెప్పాడు. ఇవన్నీ నాకు తెలియవు. నేను చిట్టెలను నూరే రోజుల గురించి చెప్పాను. ఆ పని చేసినందుకు నాకు సిగ్గు లేదు. తల్లిని చూడకుండా గుడ్లిస్తే ఎక్కడో ఒక రైతు పంటంతా రోగంతో పోతుంది. వదిలేసినా ఆ ప్రాణి వారం కంటే ఎక్కువ బతకదు, పిల్లల్ని చూడదు. కాని ఇన్నేళ్ళలో ఒక్క తల్లి తన పిల్లలతో ఉండడం నేను చూడలేదు, చూడాలని అనుకోనూ లేదు. ఇప్పుడు అనుకుంటున్నానని ఆయనతో చెప్పాను.

పన్నెండోరోజు ఆమె పొట్టకు నేరేడు రంగు తిరిగొచ్చింది. వల దగ్గర ఒళ్ళు వంచి వణికింది. అవతల వాడు కూడా రెక్కలు విప్పి, మానిన తోకతో పక్కగా నిలబడ్డాడు. ఆయన వల తీసేద్దామన్నాడు. రేపటిదాకా ఆగుదామన్నాను నేను. ఆ మాట నా నోట రావడం చూసి ఆయన నా వైపు తిరిగి చూశాడు. మరునాడు ఆయనే వల ఎత్తాడు. ఆమె వాడి చుట్టూ ఒకసారి తిరిగి ముంతలోకి పోయింది. వెనకాలే వాడూ పోయాడు. కాసేపటికి ఇసుక బయటికి రావడం మొదలైంది.

ఆమె ముంత వదిలి రాకపోవడంతో గుడ్లు మళ్ళీ వచ్చాయని తెలిసింది. ఈసారి గుడ్డ కప్పలేదు, టార్చి కూడా వేయలేదు. ఆమె లోపల, వాడు ముంత ముందు. తొట్టి బయట మేము. తొమ్మిదో రోజు ఉదయం ఏడింటికి ఆమె బయటికొచ్చింది. ఆమె పొట్ట కింద ఇసుక కదులుతోందని అనుకున్నాను. ఇసుక కాదు, పిల్లలు. ఆవగింజలో సగం కూడా లేవు, ఒక్కోదానికి రెండు కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమె రెక్క ఒక్కసారి విదిలిస్తే గుంపంతా ఇసుకమీద అణిగిపోతుంది. ఆమె కదిలితే కదులుతుంది. వాడు బయటి వైపు తిరుగుతూ కాపలా కాస్తున్నాడు.

ఒక పిల్ల గుంపు వదిలి రాళ్ళ వైపు పోయింది. వాడు పోయి దాన్ని నోట్లో వేసుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. చేయి దానంతట అదే జల్లెడ కోసం పోయింది, అది అటక మీద ఉంది. ఆయన నా మణికట్టు పట్టుకుని, ఊరికే ఉండు, చూడు అన్నాడు. ఆయన కళ్ళు కూడా వాడి నోటి మీదే ఉన్నాయి, ఆయనకూ నమ్మకం లేదు. వాడు నిదానంగా గుంపు దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, ఆ పిల్లను తల్లి ముందు ఉమ్మాడు. పిల్ల బతికే ఉంది. గుంపులో కలిసిపోయింది.

నాకు ఏడుపాగలేదు. ఈసారి రుబ్బడానికి పప్పు కూడా లేదు. ఆయన లోపలికి పోయి, ఉడికిన గుడ్డు పచ్చసొన కొంచెం నీళ్ళలో కలిపి, మందు సీసా డ్రాపరుతో తెచ్చాడు. తనే వేస్తాడనుకున్నాను. ఎందుకంటే మొదటి గుడ్లు పోయిన రోజు నుంచి తొట్టిలో మేత వేసే పని కూడా నాకివ్వలేదు. డ్రాపరు నా చేతిలో పెట్టి, "ఇంద, నువ్వే పెట్టు," అన్నాడు. ఒక్కొక్క చుక్క పిల్లల దగ్గర వదిలాను. ఆ పొట్టలు పసుపుపచ్చగా నిండడం కనిపించింది.

అలాగే కూర్చుండిపోయాం. పొయ్యి వెలిగించలేదు, స్నానాలు కాలేదు, పాలు తీసుకోలేదు. ఎప్పుడో ఆయన గడియారం వైపు చూసి నవ్వాడు.

"ఏడింటి నుంచి కూర్చుండావు. పదకొండయె. నాలుగు గంటలు అయిపోయింది."

"అయితే ఏమి?" అన్నాను. "విడదీసేవాళ్ళు ఎవరుండారు ఇప్పుడు?"